పచ్చగానే నిలిచిపోయిన సోయా చేను

ఆ పొద్దున కూడా గురవమ్మ ఒడినిండా సోయా కాయలు కోసుకొచ్చి, ఉప్పేసి ఉడకబెట్టింది. అనపకాయలతో చేసినట్టే చేసింది. చిక్కుడు జాతి అనపచెట్టు కాయలు కోసేకొద్దీ కాస్తుందని పాకాల పల్లెల్లో ఒకరు చెప్పనక్కర్లేదు. అది 1944. యుద్ధం మూలాన అంగట్లో బియ్యం కరువు. పిల్లలకు సంగటిలోకి ఆ కాయలే కూర.

చేను ఆమెది కాదు. తిరుపతిలో ఉండే ముకుందంది. వ్యవసాయశాఖ ఇచ్చిన ఈ కొత్త విత్తనాన్ని పండించి, కార్తీక పున్నమికల్లా ఎండిన గింజ అప్పగిస్తే కౌలు మరో ఏడాది ఆమెకే. లేదంటే చేను చెరక్కు పోతుంది. మొగుడు పోయాక ఆమెకున్న ఆధారం ఆ చేనొక్కటే.

పున్నమి వారంలోకి వచ్చింది. చేను మాత్రం శ్రావణంలో ఉన్నట్టే ఉంది. ఆకు పండదు, రాలదు. ఇప్పుడు కోస్తే పచ్చిగింజ ముడుచుకుపోతుంది. ఆగితే గడువు దాటుతుంది.

తోడికోడలు వసంతమ్మ గట్టు మీద నిలబడి నవ్వింది. "ఏం మే, పున్నమికి తోరణాలు కడతావా? ఆకుకు కరువే లేదే."

"నీకు నవ్వులాటగా ఉండాది" అంది గురవమ్మ.

అంతలో వ్యవసాయశాఖ ఉద్యోగి జయరావు సైకిల్ దిగి చేలోకి వచ్చాడు. మన్ను తవ్వి తడి చూశాడు.

"నీళ్లెక్కువ పెట్టినావా?"

"వానలు పడినాక బావి నీళ్లే వదల్లేదయ్యా."

"పురుగు పడి కాయ రాలిందా?"

"లేదు."

అప్పుడు అతని చూపు బండిబాట పక్కనున్న రెండు సాళ్ల మీద పడింది. అక్కడ ఆకంతా రాలి, ఎండుకాయలు గలగలమంటున్నాయి.

"ఇవి మాత్రం ఎట్ల పండినాయి?"

వసంతమ్మే చెప్పింది. "బాట పక్క కదయ్యా, నలుగురూ సూస్తారని ఆడ చెయ్యి పెట్టదు. లోపలంతా దినామూ కోసి కుండలో ఏసిందే."

"ఇది అనప కాదమ్మా" అన్నాడు జయరావు. "కాయలో గింజ నిండితేనే ఈ చెట్టు ఆకు వదిలేది. కాయలు తుంచేస్తే పచ్చగానే నిలబడిపోతాది."

"ఈ పొద్దే మానేస్తే?"

"ఇంకో నెల కావాల. అప్పుడైనా అంతా ఒక్కసారిగా పండదు. పండిన చెట్లను ఏరి కోసుకోవాల."

"నెల యాడుండాదయ్యా? ముకుందం సామి నాటేదానికి చెరకు ముచ్చెలు బండికెత్తించినాడంట."

జయరావు తిరుపతికి పోయి ముకుందాన్ని అడిగాడు. ముకుందం గడువు పెంచలేదు. ఆ వారమంతా పిల్లలు ఉప్పు నంచుకుని సంగటి తిన్నారు. కాయ కోయడం మానినా చేను రంగు మారలేదు.

పున్నమి మర్నాడు పచ్చచేనును పశువుల మేతకు కోసి, నాగళ్లు దింపారు. రెండు సాళ్లలో రాలిన నాలుగు పడుల గింజను ముకుందం మనిషి కొలుచుకుపోయాడు. ఆ పై వారం గురవమ్మ అదే చేలోకి చెరకు నాటే కూలికి వచ్చింది.