అక్క చూడలేకపోయిన చీర

వెబ్‌సైట్లలో బొమ్మలు కదిలేలా చేయడం నా పని. హిందూపురంలో ఇంట్లోనే కూర్చుని బెంగళూరు కంపెనీలకు యానిమేషన్లు చేసి పంపిస్తాను. ఈ విద్య కోర్సులో నేర్చుకున్నాను. అందులో తప్పు పట్టడం మాత్రం మా అక్క దగ్గర నేర్చుకున్నాను.

అక్క పెనుకొండలో రవికలు కుట్టేది, చీరలకు ఫాల్స్ వేసేది. నేను ఏది చేసినా ముందు ఆమె ఫోనుకే పంపేదాన్ని. ఒకసారి ధర్మవరం పట్టుచీరల అంగడి వాళ్లు పని ఇచ్చారు. వేలితో తెరను జరుపుతుంటే చీర మడతలు విప్పుకుని, కొంగు కిందికి జారేలా చేశాను. నా కంటికి ముచ్చటగానే ఉంది. అక్క చూసి ఫోన్ చేసింది.

"ఏమే, పట్టు ఇంత తొందరగా జారుతుందా? నైలాన్ చీర జారినట్లుండాది. జరీ బరువు యాడ పోయింది?"

మరుసటి రోజే రైలెక్కి పోయాను. అక్క కుట్టుపని ఆపి, ఫాల్స్ కోసం వచ్చిన పెళ్లి చీర ఒకటి తీసి, మంచం మీదికెక్కి కొంగు వదిలి చూపించింది. కొంగు మొదట కదలదు. తర్వాత జరీ అంచు దిగుతుంది, మిగతా బట్ట దాని వెంట వస్తుంది. నేలను తాకాక ఒక్కసారి సర్దుకుని ఆగుతుంది. పదిసార్లు వదిలించాను.

"చాలు లేవే, వాళ్ల చీర నలిగిపోతుంది" అనింది నవ్వుతూ.

ఏ వస్తువు కదిలినా దాని బరువు చూసేవాళ్లకు తెలియాలి. ఆ మధ్యాహ్నం నుంచి నా పనంతా ఈ ఒక్క మాట మీద నడుస్తోంది.

చూసిందంతా యానిమేషన్‌లోకి ఎక్కించి, రెండు వారాల తర్వాత మళ్లీ పెనుకొండ వెళ్లాను. ఆమె చేతికి ఫోన్ ఇచ్చి పక్కనే కూర్చున్నాను. అక్క కాసేపు చూసి, ముఖం తిప్పుకుని, ఫోన్ బోర్లించింది.

"బాగుండాది లే."

"పూర్తిగా చూడనేలేదు కదక్కా."

"చూసినాను లేవే. నాకు పనుండాది."

నాకు చాలా కష్టమనిపించింది. అన్నం తినకుండానే వచ్చేశాను. రెండు నెలలు ఆమె ఫోన్ చేసినప్పుడల్లా పొడిపొడిగా మాట్లాడాను. నా సంపాదన చూసి ఓర్వలేకపోతోందేమో అని కూడా ఒకరోజు అనుకున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

ఒకరోజు బావ ఫోన్ చేశాడు. "మీ అక్క మిషన్ కాడ పడిపోయిందమ్మా. శానా దినాల నుంచి తల తిరుగుతాండాదంట. ఎవురికీ చెప్పలేదు."

బెంగళూరులో స్కాన్ తీశారు. మెదడు వెనక భాగంలో గడ్డ ఉంది. ఎదురుగా ఏది కదిలినా ఆమెకు కడుపులో తిప్పేదట. బస్సు కిటికీ, ఫ్యాను, ఫోన్, ఏదైనా సరే. ఆస్పత్రిలో నా చేయి పట్టుకుని చెప్పింది.

"ఆ పొద్దు నీ చీర చూస్తాంటే వాంతికొచ్చిందే. ఎట్ల చెప్పేది? అంత కష్టపడి చేసినావు."

ఆమె నిద్రపోయేదాకా నేను ఆ చేయి వదల్లేదు.

ఆపరేషన్ అయ్యాక పెనుకొండకు తీసుకొచ్చారు. తల తిరగడం తగ్గలేదు. నేను అదే చీరను మళ్లీ చేశాను, ఈసారి కదలిక లేకుండా. ఐదు బొమ్మలు, ఒకటి చూడడం అయ్యాక వేలు తాకిస్తే ఇంకొకటి వస్తుంది. దిండుకు ఆనుకుని అక్క ఒక్కొక్కటే చూసింది. మూడో బొమ్మ దగ్గర చాలాసేపు ఆగింది.

"ఈ మడత కాడ మెరుపు బాగా పట్టినావే. ఇప్పుడు కనబడతాండాది చీర."

తెర మీద ఏదైనా కదిలితే ఇబ్బందిపడేవాళ్లు ఇంకా ఉంటారని, వాళ్లకోసం ఈ బొమ్మలు కూడా పెట్టమని అంగడి యజమానిని అడిగాను. "కదలకుండా పెట్టేదానికి నువ్వెందుకమ్మా?" అన్నాడు. అయినా ఒప్పుకున్నాడు.

ఎండాకాలం పోకముందే అక్క పోయింది.

ఇప్పుడు ఏ పని వచ్చినా ముందు కదలికలేని రూపం తయారుచేస్తాను. ఏది కదలాలో ఆ తర్వాతే ఆలోచిస్తాను. చాలావాటికి కదలాల్సిన అవసరమే ఉండదు. నా పనిలో మునుపటి హుషారు లేదని ఒక కంపెనీ వాళ్లు నన్ను పిలవడం మానేశారు. వాళ్లన్నది నిజమే కావచ్చు.

బావ పెనుకొండలో ఉండలేక అనంతపురంలో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లు కాపురముంటున్నారు. ధర్మవరం పోయేటప్పుడు రైలు పెనుకొండలో ఆగుతుంది. నేను దిగను.