తాపీ ఒగ్గెల్లిన మనుషులు

మా తాపీ మేస్త్రి పోయాడు. సోమవారం పొద్దున్న ఆయన మేనల్లుడు పనిచోటికి వచ్చి చెప్పాడు. జ్వరం ముదిరిందట, విజయనగరం ఆస్పత్రికి తీసుకెళ్తుంటే బండిలోనే ప్రాణం పోయిందట. నేను పోయి కంపెనీ ఆఫీసులో చెబితే "ఏ మేస్త్రి?" అని అడిగారు. ఆ ఆఫీసు గోడలు కట్టింది ఆయనే.

అందుకే ఇది రాస్తున్నాను. నాకు బడి చదువు లేదు. తప్పులుంటే దిద్దుకోండి, మాట మాత్రం మార్చకండి.

మాది పెద్ద కంపెనీ కాదు, అలాగని చిన్నదీ కాదు. గోదాములు, బడులు, కల్వర్టులు కడుతుంది. అప్పట్లో నెల్లిమర్ల అవతల ఏటి మీద వంతెన పని పట్టింది. మా ముఠా అంతా రామతీర్థం చుట్టుపక్కల రైతు ఇళ్ళవాళ్ళం. తలా ఓ చెక్క భూమి ఉంది గాని అది ఏడాదంతా తిండి పెట్టదు, అందుకని తాపీ పట్టాం. వానలు పడితే మాత్రం ఉబాలకు, అంటే వరినాట్లకు, ఇంటికి పోవలసిందే.

అప్పుడు మేస్త్రి ఒక్కటే అడిగేవాడు. "తాపీ అట్టుకెల్తన్నావా, ఒగ్గెల్తన్నావా?"

పట్టుకెళితే పని మానేసినట్టు. వదిలి వెళితే తిరిగొస్తానని నువ్వు మాట ఇచ్చినట్టు, నీ చోటు ఉంచుతానని ఆయన మాట ఇచ్చినట్టు. వదిలిన తాపీలన్నీ కడిగి, ఆముదం రాసి, తన పాకలో వాసాలకు వేలాడగట్టేవాడు. ఒకసారి కొత్తగా పెళ్ళయినవాడొకడు తిరిగొచ్చి, "ఆముదం ఎక్కువ రాసీసినావు మావా, తాపీ సేతిలో నిలవట్నేదు" అన్నాడు.

"ఇన్నాళ్ళూ కొత్త పెళ్ళాం సెయ్యట్టుకు కూకున్నావు. తాపీని మరిసిపోనావు. ఆముదానిదేటి తప్పు?"

వచ్చినవాణ్ణి ముందు పని అడగడు. మడి తడిసిందా, ఆవు ఈనిందా అని అడుగుతాడు. అదంతా విన్నాకే పరంజా ఎక్కమంటాడు, అదీ తను ముందు ఎక్కి తొక్కి చూశాక.

తర్వాత కొత్త మేనేజరు వచ్చాడు. ఇది కంపెనీ, సత్రం కాదన్నాడు. నాట్లకు పోయినవాళ్ళ పేర్లు కొట్టేయమన్నాడు. మేస్త్రి తలపాగా తీసి గుమ్మంలో నిలబడ్డాడు.

"బావూ, సేనుకెల్లినోడు పారిపోయినోడు కాడు. ఎల్లనిస్తేనే ఆడు మనోడవుతాడు."

"నీకెందుకయ్యా అంత బాధ? మనుషులకేం కరువు?" అన్నాడు మేనేజరు.

మర్నాడే లారీలో వేరే ఊరివాళ్ళను దింపాడు. వాళ్ళ దగ్గర పనిముట్లు లేవు. మేస్త్రి ఇసక చూడ్డానికి ఏట్లోకి దిగిన పూట పాక తెరిపించి, వాసాలకున్న తాపీలన్నీ వాళ్ళకు పంచేశాడు.

మావాళ్ళు నాట్లు ముగించుకుని వచ్చేసరికి ఎవరి తాపీ ఇంకెవరి చేతిలోనో ఉంది. పిడి అరిగిన తీరు చూస్తే ఎవడిది వాడికి తెలిసిపోతుంది. నేను ఊరుకోలేకపోయాను.

"పని ఆపీద్దాం మావా. మేనేజర్ని గదిలో ఎట్టి గొళ్ళెం ఎట్టీద్దాం."

"ఆడి గదికి గొళ్ళెం ఎడితే నా మాట తిరిగొస్తాదేటిరా?" అన్నాడు మేస్త్రి.

ముఠాలో పెద్దవాడు దగ్గరికొచ్చి, "నీ మీద కోపం నేదు మావా" అన్నాడు. అంతే. ఎవరూ కేక వెయ్యలేదు. అందరూ విశాఖపట్నం రైలెక్కి హార్బరు పనికి పోయారు. నేనొక్కణ్ణే మేస్త్రి దగ్గర ఉండిపోయాను.

వాళ్ళు ఇళ్ళకు వచ్చారని తెలిస్తే చాలు, మేస్త్రి నడిచి వెళ్ళేవాడు. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. "పిలవడానికి రానేదురా, సూడ్డానికొచ్చినాను" అన్నాడు ఆ ఇంట్లో. వాళ్ళు పీట వేసి అన్నం పెట్టారు. పని మాట ఎవరూ ఎత్తలేదు. అలా వానలో తిరిగి తిరిగే ఈ జ్వరం తెచ్చుకున్నాడు.

కంపెనీలో కొత్తవాళ్ళూ నిలవలేదు. కూలి పెంచినా నిలవలేదు. ఎందుకు నిలవడం లేదని మేనేజరు ఓ రోజు నన్నే అడిగాడు. జరిగిందంతా చెప్పాను. శ్రద్ధగా విని, తల ఊపి, ఇంకో లారీ పంపించాడు.

నా బాధల్లా ఒకటే. తన మాట పోయిందనుకుంటూనే ఆయన పోయాడు. పోగొట్టింది ఎవరో మా అందరికీ తెలుసు. ఆయన్ని కూర్చోబెట్టి ఆ సంగతి ఒప్పించగలిగినవాడు మాలో ఒక్కడూ లేకపోయాడు.

విశాఖపట్నం వాళ్ళ కోసం శవాన్ని మర్నాటిదాకా ఉంచారు. అందరూ వచ్చారు. చితికి తెచ్చిన కట్టెల బండి ఏటి ఇసకలో దిగబడిపోయింది. ఎవరూ చెప్పకుండానే, కాంక్రీటు రోజున తట్టలు అందించుకునేటట్టు వరస కట్టాం, ఎవరి చోట వాళ్ళం. ఆ వరసకు మొదట నిలబడేది ఎప్పుడూ మేస్త్రే. రెండోవాడు ముందుకు జరగలేదు. ఒక్కో కట్టెకూ ఆ ఖాళీ మీదుగా వంగి, బండిలోంచి అందుకుని, వెనక్కి ఇచ్చాడు.