బస్సులో అల్లిన స్వెట్టరు

మొదటిసారి సివిల్స్ ప్రిలిమ్స్ పోయిన ఏడాది చలికాలంలో నేను ఊలు అల్లడం నేర్చుకున్నాను. ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో మా గది డాబా మీద ఉండేది. కింద ఉండే ఇంటి ఓనరు ఆంటీ గఢ్వాల్ కొండల నుంచి వచ్చిన మనిషి. పగలు ఎండ పడగానే డాబా ఎక్కి, తకిలి తిప్పుతూ గొర్రెబొచ్చు వడికేది. పక్కనే కూర్చుని చదువుకునే నాకు ఆమె మీద అసూయగా ఉండేది. నేను రోజంతా చదివినా ఏం మిగిలిందో తెలిసేది కాదు. ఆవిడ పొద్దువాలేసరికి ఉండ చుట్టుకుని దిగిపోయేది.

ఒకరోజు నేర్పమని అడిగాను. ఆవిడ నవ్వలేదు. రెండు సూదులు చేతికిచ్చి, పిల్లల స్వెట్టర్లు అల్లగా మిగిలిన ఊలంతా ఒక సంచిలో పోసి ఇచ్చింది. నీలం, మెరూన్, ఆవపిండి రంగు, ఏదీ పూర్తి ఉండ కాదు. చాలనిచోట తను వడికిన దారం కలపమంది. అది ఒకచోట లావు, ఒకచోట సన్నం. తడిస్తే గొర్రె వాసన.

వీపు భాగం రెండుసార్లు ఊడదీశాక మూడోసారి నిలబడింది. ముందు భాగంలో మెరూన్ సగంలో అయిపోతే అక్కణ్ణుంచి నీలం ఎత్తుకున్నాను. ఒక చెయ్యి పొడుగైతే విప్పి మళ్లీ అల్లాను.

"ఒరేయ్, నువ్వు కలెక్టరవుతావా, అమ్మమ్మవవుతావా?" అన్నాడు నా రూమ్మేట్.

"ముందు ఈ చలికి బతకనీరా," అన్నాను.

వాడు కోచింగ్ క్లాసులో అందరికీ చెప్పాడు. నేను ఆ స్వెట్టరే వేసుకుని మొదటి వరసలో కూర్చున్నాను. కొన్నాళ్లు నవ్వారు. తర్వాత విసుగొచ్చి మానేశారు.

మిగిలిన ముక్కలతో మఫ్లర్ మొదలుపెట్టినప్పుడు నాన్న ఊరి నుంచి చెప్పకుండా వచ్చారు. మెట్లెక్కి వచ్చేసరికి నేను ఆంటీ ఎదురుగా, ఒళ్లో ఊలుతో ఉన్నాను. ఆయన చాలాసేపు సూదులనే చూశారు.

"నిన్ను పంపింది ఇందుకేనా?"

"ఇందుకు కాదు నాన్నా. చదువుతూనే ఉన్నాను. కానీ ఇది మాత్రం మానను."

ఆయనకి ఎదురు చెప్పడం నాకదే మొదలు. సూదులు మాత్రం కింద పెట్టలేదు. తెలుగు రాకపోయినా ఆంటీకి సంగతి అర్థమైంది. మా కొండల్లో గొర్రెలు కాసే మగాళ్లంతా నడుస్తూనే వడుకుతారని హిందీలో చెప్పింది. నాన్నకి హిందీ రాదు కాబట్టి నేనే తెలుగులో చెప్పాల్సి వచ్చింది. ఒక్క మాట తగ్గించకుండా చెప్పాను.

"మనం కొండలోళ్లం కాదు," అన్నారాయన.

ఉన్నన్నాళ్లూ నూలు చొక్కా మీద పల్చటి శాలువా కప్పుకుని వణికారు. నా స్వెట్టరు ఇవ్వబోతే వద్దన్నారు. రైలెక్కేదాకా అలాగే ఉన్నారు. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. ఆయన పంతం ఆయనది, నా పంతం నాది.

ఆ ఏడూ, తర్వాతి ఏడూ కూడా నేను గట్టెక్కలేదు. అల్లికే నన్ను ముంచిందని మా ఊళ్లో అనుకున్నారు. ఏనాడూ సూది పట్టని నా రూమ్మేట్ కూడా గట్టెక్కలేదు, వాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. పరీక్షలు వదిలేసి నోయిడాలో ఒక ఆఫీసులో చేరి, ఉద్యోగులు నెలకింతని కట్టి ఎక్కే చార్టర్డ్ బస్సులో వెళ్లొచ్చేవాణ్ణి. గంట పైనే ప్రయాణం. అందరూ పేకాడేవాళ్లు, నేను కిటికీ పక్కన కూర్చుని మరో స్వెట్టరు అల్లేవాణ్ణి. ఈసారి దారం కూడా సగం నేను వడికిందే.

ఒకరోజు పక్క సీటాయన ఉండబట్టలేక, భాభీ చెయ్యాల్సిన పని నీకు అంటగట్టిందా అని అడిగాడు.

నాకింకా పెళ్లి కాలేదని, ఇది నా కోసం నేనే అల్లుకుంటున్నానని చెప్పి, కాస్త జరగమన్నాను. మోచెయ్యి ఆడటానికి చోటు చాలడం లేదు.