దయ్యం కూర్చునే చోటు

ఏలీయాను దయ్యం పట్టలేదు గానీ, ఆయనే దయ్యాలను పట్టుకుని వదల్లేదు. మధ్యయుగాల క్రైస్తవ చిత్రాల్లోని దయ్యాల మీద ఐర్లండ్‌లోని గాల్వేలో పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నాడు. ఆ చదువుతో ఉద్యోగమేదీ దొరక్క, దాన్ని తానుండే స్లైగో ఊరి తెలుగువాళ్లకు ఉచితంగా పంచుతున్నాడు.

చర్చిలో ఎవరైనా ఆవలిస్తే చాలు. "నోరు మూసుకోమ్మా! ఆ బొమ్మల్లో దయ్యం బయటికి దూకేది నోట్లోంచే" అనేవాడు. భోజనానికి పిలిచి పందిమాంసం సాసేజీలు వడ్డిస్తే, బైబిల్లో సేన అనే దయ్యాల గుంపు పందుల్లో దూరిన కథ ఎత్తుకుని, పాత వ్యాఖ్యాతలు చెప్పిన అర్థాలన్నీ విప్పేవాడు. పిల్లలు "అంకుల్, ప్లీజ్ స్టాప్!" అంటూ ప్లేట్లు వదిలేసి పారిపోయేవారు. ఆ సాసేజీలు ఆయనే తినేవాడు.

కృపావతికి ఇదంతా నవ్వులాటగానే ఉండేది, భర్త విక్టర్ కాన్సర్‌తో మంచం పట్టేదాకా. ఇక రోజుల మాటే అన్నారు డాక్టర్లు. నర్సుగా ఎన్ని చావులు చూసినా ఈ చావంటే ఆమెకు వణుకు పుట్టింది. విక్టర్ భయపడుతూ పోకూడదు. ఆమె కోరికల్లా అదే.

అందుకే ఆసుపత్రి గది గుమ్మంలోనే ఏలీయాను ఆపింది.

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతా. ఇవాళ దయ్యాల ఊసెత్తకు."

"ఎత్తనమ్మా."

ఎత్తింది విక్టరే. "వచ్చినవాళ్లంతా కాళ్ల దగ్గర నిలబడి 'యూ విల్ బి గ్రాండ్, నీకేం కాదు' అనేసి పోతున్నార్రా. నువ్వన్నా నిజం చెప్పు. నీ బొమ్మల్లో పోయేవాడి దగ్గర దయ్యం ఎక్కడుంటుంది?"

ఏలీయా దొంగచూపుగా కృపావతి వైపు చూశాడు. అబద్ధం ఆయనకు చేతకాదు.

"తలగడ పక్కన్రా. చెవిలో 'నీకెవరూ లేరు' అంటూ ఉంటుంది."

కృపావతి అడ్డుపడబోయింది. ఏలీయా మాత్రం మూలనున్న కుర్చీని తలగడ పక్కకు లాక్కుని బైఠాయించాడు.

"ఇదిగో, ఆ చోటు నేను పట్టేశా. ఇంక అదెక్కడ కూచుంటుంది?"

విక్టర్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "దయ్యం పోలిక బాగానే కుదిరిందిరా."

చర్చిలోని నాగరత్నం ఆంటీ పోయినప్పుడూ ఏలీయా ఇలాగే తలగడ పక్కన కూర్చున్నాడని కృపావతికి అప్పుడు గుర్తొచ్చింది. పరిశోధన పిచ్చి అని అందరూ విసుక్కున్నారు. ఆమే ఎక్కువ విసుక్కుంది.

చివరిదాకా ఆ కుర్చీ ఖాళీగా లేదు. కృపావతి చెయ్యి పట్టుకుని ఉండగా, చెవి దగ్గర ఏలీయా పందుల కథ చెబుతుండగా, వింటూ వింటూనే విక్టర్ పోయాడు.

సమాధి చేసి వచ్చాక ఇంటినిండా జనమే. విక్టర్ రోజూ కూచునే కుర్చీ దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. ఏలీయా కూడా గోడకానుకుని నిలబడ్డాడు. పొరుగింటి ఐరిష్ ఆవిడ తెచ్చిన సాసేజీల ప్లేటు తీసుకుని కృపావతి ఆయన దగ్గరికి వెళ్లింది.

"అక్కడ చోటు ఖాళీగా ఉందన్నయ్యా. అది వచ్చి కూచునేలోపు నువ్వెళ్లి కూచో."

ఆయన వెళ్లి కూర్చున్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని ప్లేటు ఆయన ఒళ్లో పెట్టింది.

"ఊఁ, పందుల కథ చెప్పు."