కొత్తపేట దాటని స్కూటీ

మా ఇంటి ఓనరు విశ్వేశ్వరరావుగారికి దేంట్లో ఇంకా ఎంత మిగిలిందో చెప్పందే ముద్ద దిగదు. చమురు బావుల్లో నిల్వలు అంచనా కట్టే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా గ్యాస్ సిలిండర్లూ, నూనె డబ్బాలే ఆయనకు బావులు.

"నీ టూత్‌పేస్టు ఆదివారం దాకా రాదోయ్," అన్నారు ఓసారి.

"ఇంకా సగముంది కదా సార్!"

"ఉన్నదంతా నిల్వ కాదు. బయటికి తీయగలిగిందే నిల్వ. నీ నొక్కుడు నేను చూశాగా!"

పార్కింగ్ ఇరుకు. బళ్ళు జరపడానికి అద్దెవాళ్ళందరి తాళాలూ ఆయన గుమ్మం పక్కనే వేలాడతాయి. పొద్దున్నే ప్రతి బండినీ ఊపి చెవి పెట్టి వింటారు. ఎక్కువగా దొరికిపోయేది కింది గదిలో ఉండే నల్లగొండ అమ్మాయి స్వప్న. ఊరి చివర అబ్దుల్లాపూర్‌మెట్‌లో నర్సుగా కొత్తగా చేరింది. ఆలస్యం లేకుండా వస్తేనే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. నెలాఖరులో ఆమె స్కూటీలో పెట్రోలు వాసనే మిగిలేది.

"అమ్మాయ్, పక్కనున్న కొత్తపేట కూడా దాటదు. నేను పోయిస్తానుండు."

"ఒద్దంకుల్. మీరు రోజూ గట్లనే అంటరు, నేను రోజూ పోయొస్త."

నిజంగానే పోయొచ్చేది. మేమంతా నవ్వేవాళ్ళం. ఈయన అంచనా నమ్మి తవ్విన బావుల గతేమిటో అని జాలిపడేవాళ్ళం. పరువు పోయినప్పుడల్లా ఆయన హైడ్రోజన్ మీదికి దూకేవారు.

"హైడ్రోజన్ బండి రానీ! లోపల ఓ పొర ఉంటుంది. హైడ్రోజన్‌లోని ప్రోటాన్‌ని అందులోంచి పోనిస్తుంది. ఎలక్ట్రాన్‌ని మాత్రం చుట్టూ తిరిగి రమ్మంటుంది, మన ఎల్బీనగర్‌లో బళ్ళని యూటర్న్‌కి తోలినట్టు. తీగలో ఆ తిరుగుడే కరెంటు! అవతల అందరూ ఆక్సిజన్‌తో కలిస్తే నీళ్ళు. పొగే ఉండదు!"

ఓ పొద్దున పాలకని దిగితే, ఆయన స్కూటీ సీటు లేపి సీసాతో పెట్రోలు పోస్తున్నారు.

"మరి మీ అంచనా?"

"ఎప్పుడైనా తప్పిందా! కొత్తపేట దాటదన్నది సీసా పోయకముందు లెక్క. చెప్పి పోస్తే ఆ పిల్ల ఒప్పుకోదుగా. మెల్లిగా మాట్లాడు."

అంచనా తప్పిందంటే ఆయనకు ప్రాణం పోయినట్టే. అలాంటిది, రోజూ మా ముందు నవ్వులపాలయ్యారు. నాకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

ఉద్యోగం ఖాయమైన రోజు స్వప్న మిఠాయి డబ్బా తెచ్చింది. ఆయన దాన్ని కూడా ఊపి, "సాయంత్రం దాకా రాదు," అన్నారు.

"మరి నా బండి అంకుల్?"

"కొత్తపేట దాటదు."

"జర సీసల ఉన్నది గూడ కలిపి చెప్పుండ్రి," అంది స్వప్న, నవ్వాపుకుంటూ.

విశ్వేశ్వరరావుగారు గొంతు సవరించుకున్నారు.

"హైడ్రోజన్ ఉంది చూశావూ, అమ్మాయ్..."