మూడుచోట్ల వేసిన కొసరు

బ్రాడీపేటలో కోచింగ్ పిల్లల కోసం మా అత్తయ్యా నేనూ నడిపిన హాస్టల్ ఆ నెలతో మూతపడుతోంది. ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమన్నాడు; పిల్లలంతా అప్పటికే వెళ్ళిపోయారు. కంప్యూటర్ కోర్సు పూర్తిచేసి, ఎక్కే గడప దిగే గడపగా తిరిగితే, నన్ను ఇంటర్వ్యూకి పిలిచింది మంగళగిరిలో ఒక్క ఆఫీసే. అదీ పోతే మాకింక వేరే దారి లేదు.

ఎదురుగా కూర్చున్నాయన నా సర్టిఫికెట్లు ముట్టుకోనైనా లేదు. గోడకున్న బోర్డు చూపించి, "ఒక మిర్చి బస్తాలో ఎన్ని కాయలుంటాయో అంచనా వెయ్యండమ్మా. ఫోన్ తియ్యకూడదు" అన్నాడు.

ఓరి దేవుడో! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మిర్చి ఘాటుకి తుమ్ముతున్నాను గానీ, కాయలు లెక్కపెట్టిన పాపాన పోలేదు. ఎండుకాయ గ్రాము తూగుతుందనుకుంటే కిలోకి వెయ్యి. ఎందుకైనా మంచిదని పన్నెండొందలు రాశాను. బస్తా నలభై కిలోలు. యాభై వేశాను. అరవై వేలొచ్చింది. అదీ చాలదేమోనని డెబ్బై వేలు చేశాను.

"ఈ డెబ్బై ఎక్కణ్ణుంచొచ్చింది?" అన్నాడాయన.

నేను మళ్ళీ బోర్డు వైపు తిరిగాను. ఆయన పెన్నుకి మూత పెట్టేశాడు. నా పని అయిపోయిందనుకున్నాను. బోర్డు మీది అంకెలు చూస్తుంటే మా వంటిల్లు గుర్తొచ్చింది. నేను బియ్యం కొలిచి కొసరుగా ఓ గుప్పెడు వేసేదాన్ని. అత్తయ్య ఇంకో గుప్పెడు వేసేది. ఎసట్లో పోసేటప్పుడు వంటావిడ మరో గుప్పెడు. పిల్లలకి చాలదేమోనని ముగ్గురికీ భయమే. రోజూ గిన్నెడు అన్నం మిగిలిపోయేది.

"భయంతో వేశానండీ. తక్కువైపోతుందేమోనని ప్రతి చోటా కొసరేశాను" అని, మూడుచోట్లా చెరిపి నలభై వేలని రాశాను.

"నిజంగానే తక్కువైతే?"

"అవ్వచ్చండీ. కావాలంటే కొసరు చివర్లో ఒక్కసారే వేస్తాను, ఇంత వేశానని మీకు చెప్పి మరీ."

ఆయన పెన్ను మూత తీసి ఏదో రాసుకుంటూ కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది. అవుననో కాదనో చెప్పి చావొచ్చుగా!

"సోమవారం వచ్చి చేరండి" అన్నాడు చివరికి.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య మా ఇద్దరికీ బియ్యం కొలుస్తోంది. ఉద్యోగం వచ్చిందని చెప్పగానే కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ చేత్తోనే గిన్నెలో ఇంకో గుప్పెడు వేసింది.

"మనిద్దరమేగా అత్తయ్యా, అదెవరికి?"

"ఏమోనే, పిల్లలెవరన్నా ఆకలేసి వస్తేనో?" అంటూ గదుల్లోని ఖాళీ మంచాల వైపు చూసింది.

డబ్బాలో చెయ్యి పెట్టి, నా గుప్పెడు కూడా వేశాను.