జకర్యా గారి మెటిక

జకర్యా గారు ప్రతిదాన్నీ రెండుసార్లు కొట్టి చూస్తారు. కుడిచేతి నడిమి వేలు మడిచి, మెటికతో, టక్ టక్. తల కొంచెం వంచి వింటారు. “పలికింది” అంటారు. అప్పుడు గాని ముందుకు కదలరు.

కొనబోయే గుమ్మడికాయను కొట్టి చూస్తే ఎవరూ ఏమీ అనుకోరు. ఆయన కాయను కొట్టి, కాయలున్న బండిని కొట్టి, తక్కెడను కూడా కొడతారు. ఒక ఆదివారం చర్చిలో, పాస్టరు గారు నోరు తెరవబోతుండగా ముందున్న బెంచీని కొట్టారు. ఎవరో వచ్చారనుకుని సంఘపెద్ద లేచి వెళ్లి తలుపు తీశాడు. బయట ఒక కుక్క ఉంది. అది లోపలికి వచ్చింది.

బస్సు సంగతి వేరు. మన బస్సుల్లో రేకు మీద రెండు దెబ్బలు పడితే పోనిమ్మని అర్థం. లాలాగూడ స్టాపులో ఎక్కబోతూ ఆయన రేకును కొట్టేవారు. బస్సు వెళ్లిపోయేది. ఆయన, చంకలో మనవరాలు, వెనక ఇంకో నలుగురు కిందే మిగిలేవారు.

“ఏం పెద్దాయనా, కండక్టర్ నువ్వా నేనా?” అని ఒకరోజు కండక్టర్ అడిగాడు.

“నువ్వే బిడ్డా. బస్సు ఎట్లుందో చూసిన, అంతే.”

“ఎట్లుంది మరి?”

“పలికింది. జెర తుప్పుంది.”

సికింద్రాబాద్‌లో, ఎదుగుదలలో వెనకబడిన పసిపిల్లలకు శిక్షణ ఇచ్చే కేంద్రంలో నేను టీచరును. జకర్యా గారు మనవరాలు ఎమిలీని ఏడాదిన్నర పాటు రోజూ మా దగ్గరికి తెచ్చారు. ఎమిలీకి మాటలు రాలేదు. చప్పుళ్లంటే ప్రాణభయం. కుక్కరు కూసినా, ఎక్కడో తలుపు ధడాలున పడినా బల్ల కిందికి దూరేది. మళ్లీ బయటికి రావడానికి గంట పట్టేది.

తాతగారు మా చిన్న కుర్చీలను కొట్టారు. బొమ్మలను కొట్టారు. నా టిఫిన్ డబ్బాను రోజూ కొట్టేవారు.

“అందులో ఏముందని సార్?”

“ఇయ్యాల నిండుగుంది మేడం. నిన్న సగమే.”

రైల్వే వర్క్‌షాప్‌లో ముప్పై నాలుగేళ్లు పనిచేశానని ఒకసారి చెప్పారు. మాకు అంతే చాలు. రైలు చక్రాన్ని సుత్తితో కొట్టి, మోత విని, పగులు ఉందో లేదో చెప్పే మనుషులుంటారని అందరికీ తెలుసు. ఆ చెయ్యి ఇంకా రిటైరు కాలేదని మేమే తేల్చేశాం. చక్రాల తాత అని పేరు పెట్టాం. ఆయన కాదనలేదు.

మూడేళ్లు నిండితే పిల్లలు మా కేంద్రం వదలాలి. ఎమిలీ కోసం కాప్రాలో ఒక ప్రత్యేక ప్రీస్కూలు చూశాం. నేను పద్నాలుగు పేజీల ఫైలు రాశాను. ఏం తింటుంది, దేనికి నవ్వుతుంది, ఏడిస్తే ఎలా ఎత్తుకోవాలి. చివరి పేజీలో ఇలా రాశాను: తాతగారి అలవాటు పాపకు అంటుకుంది, మానిపించాలి. అప్పటికి ఎమిలీ కూడా అన్నిటినీ టక్ టక్ అని కొట్టి తల వంచుతోంది.

మొదటి రోజు నేనూ వెళ్లాను. ప్రిన్సిపాల్ డోరా గారి బల్లను జకర్యా గారు కొట్టారు. ఆవిడ గుమ్మం వైపు చూసి “రండి” అన్నారు. తరగతిలో ఎమిలీ తలుపును కొట్టింది, కుర్చీని కొట్టింది, కూర్చుంది. అరగంట బాగా గడిచింది.

అప్పుడు గంట మోగింది. ఆ బడి గంట ఒక రైలు పట్టా ముక్క. భవనం వెనక, మనిషి చెయ్యి అందేంత ఎత్తులో, ఇనుప తీగకు వేలాడదీశారు. ప్యూను బిక్షం ఇనుప కడ్డీతో కొడతాడు.

ఎమిలీ బల్ల కిందికి వెళ్లిపోయింది. గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. గంటన్నర.

డోరా గారు మంచి మనిషి. నెమ్మదిగానే చెప్పారు. “రేపు కూడా చూద్దాం. గంట మోతకే ఇట్లయితే మా వల్ల కాదు. వచ్చే ఏడు తీసుకురండి.”

మా కేంద్రం ఇక ఉంచుకోదు. వచ్చే ఏడు దాకా ఇంట్లోనే. ఈ వయసులో ఏడాది అంటే ఏమిటో నాకు తెలుసు. నేర్చుకున్న కుర్చీ, చెంచా, నవ్వు, అన్నీ వెనక్కి పోతాయి.

బయటికి వస్తూ జకర్యా గారు పట్టా ముక్క కింద ఆగి పైకి చూశారు. బిక్షం దగ్గరికొచ్చాడు.

“లాలాగూడ జకర్యా సార్ కదా? మా నాయన మీ చేతి కిందనే చేసిండు.”

“చక్రాల దగ్గరా?” అన్నాను నేను.

“చక్రాలేంది మేడం. పెయింట్ షాప్. బోగీలకు రంగులేసెటోళ్లు.”

నేను ఆయన వైపు చూశాను.

“రంగులేసెటోడు దేన్నీ ముట్టడు మేడం” అన్నారు జకర్యా గారు. “తడి ఉంటది. ముప్పై నాలుగేండ్లు చేతులు ఎనకకు కట్టుకునే తిరిగిన.”

“మరి ఈ కొట్టడం ఎప్పటి నుంచి?”

“పాప పుట్టినంక. చప్పుడైతే ఊపిరి బిగబట్టేది. ముందుగాల నేను మెల్లగ కొట్టి వినిపిస్తే, అదే ఎనక గట్టిగ మోగినా ఓర్చుకుంటది. ఏది ఎప్పుడు మోగుతదో మనకేం తెలుసు. అందుకని అన్నీ కొడ్త.”

“పాప లేనప్పుడు కూడా కొడతారు కదా?”

“అలవాటు తప్పితే పాప ముందర మర్చిపోత.”

“మాకు చెప్పలేదేం సార్? అందరం నవ్వుకున్నాం.”

“మంచిగనే నవ్విండ్రు. ఎందుకు ఆపాలె?” మళ్లీ పైకి చూశారు. “ఇదొక్కటి నా కంట పడలే. ఎనక కట్టిండ్రు.”

లాలాగూడలోని గోడలు, గేట్లు, బండ్లు, బెంచీలు, ఒక బస్సు. ఒక పసిదాని కోసం ఈ మనిషి ఊరంతటినీ ముందుగా మోగించి పెట్టాడు. నా పద్నాలుగు పేజీల్లో ఆ ముక్క లేదు. మానిపించమని మాత్రం ఉంది. ఆ పేజీ వెనక్కి అడిగి తీసుకున్నాను.

మర్నాడు ఉదయం కూడా నేను వెళ్లాను. ఎనిమిదింటికే ఆయన ఎమిలీని తీసుకొచ్చి, భుజం మీద కూర్చోబెట్టుకుని పట్టా ముక్క కింద నిలబడ్డారు. మెటికతో రెండుసార్లు కొట్టారు. ఎమిలీ రెండుసార్లు కొట్టింది. ఇద్దరూ తలలు ఒకే వైపు వంచారు. తర్వాత కడ్డీతో మెల్లగా. ఇంకొంచెం గట్టిగా. ఇలా గంటసేపు. బిక్షం పక్కన కడ్డీ కోసం చెయ్యి చాచి నిలబడ్డాడు. “సార్, తొమ్మిదైంది. నన్ను కొట్టనియ్యున్రి” అన్నాడు.

బిక్షం కొట్టాడు. ఎమిలీ భుజాలు పైకి లేచాయి. అక్కడే కాసేపు ఉన్నాయి. దిగాయి. తాత భుజం దిగి, తరగతి తలుపును కొట్టి లోపలికి వెళ్లింది.

డోరా గారు రిజిస్టరు తెరిచి పేరు రాశారు. జకర్యా గారు రిజిస్టరును కూడా కొట్టారు.

మేం బస్టాపుకు వచ్చాం. బస్సు వచ్చింది. నేను ఎక్కాను. ఆయన కింద నిలబడి రేకును టక్ టక్ మని కొట్టారు. బస్సు కదిలింది.

కిటికీలోంచి చూశాను. ఆయన కంగారుపడలేదు, చెయ్యి ఊపలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నడిచి వెళ్లి, బడి ఎదుట ఉన్న బండను రెండుసార్లు కొట్టి, విని, మధ్యాహ్నం బడి గంట కొట్టేదాకా అన్నట్టు దాని మీద కూర్చున్నారు.